ఎంత కట్టాలో కాగితం మీద రాసియ్యండి

2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చినాక మన చిత్తూరు పల్లెల పిల్లలు ఇంజనీరింగ్ కాలేజీల గడప తొక్కినారు. కాదనేదెవరు? అయితే ‘ఫీజంతా సర్కారే కడుతుంది’ అంటే ఏమిటో ఏ తల్లికి విడమరచి చెప్పినారు? మేనేజ్‌మెంట్ కోటా సీటుకు పైసా రాదు. 2012లో, పదివేల ర్యాంకు దాటిన బీసీ, ఈబీసీ పిల్లలకు ప్రైవేటు కాలేజీల్లో 35 వేలే అన్నారు. 2020లో జీవో 77తో ప్రైవేటు పీజీకి ఎత్తేసినారు. డబ్బు ఒకసారి కాలేజీ ఖాతాకు, 2021లో అమ్మ ఖాతాకు! బకాయి పడితే టీసీ ఆపేది మాత్రం పిల్లోడికే.

తిరుపతిలో సీటు ఇచ్చే రోజే తెలుగులో ఒక్క కాగితం ఇయ్యాల: మొత్తం ఫీజెంత, సర్కారు ఇచ్చేదెంత, బస్సు, హాస్టలుతో కలిపి ఇంటి మీద పడేదెంత, ఎప్పుడు కట్టాల. కింద ప్రిన్సిపాల్ సంతకం, ముద్ర. అది చేతికందాకే అడ్మిషన్ ఫారం మీద తండ్రి వేలిముద్ర.