ఇంట్లో అచ్చు ప్లేటు: తయారీ, సంరక్షణ

(సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుణ్ణి కాను. మెట్రిక్ పాసయి రైల్వేలో గుమాస్తాగా ఉన్నవాణ్ణి. ఈ ఉగాది సభకు మీకందిన ఆహ్వానపత్రం మా ఇంట్లో తయారైన ప్లేటుతో అచ్చయినది. అదెట్లా చేశావో నలుగురికీ చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నాకు తెలిసిన నాలుగు ముక్కలు మనవి చేస్తాను.

తెలుగులో తొలి అచ్చు పుస్తకాలు 1746లో జర్మనీలోని హాలె పట్టణంలో బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ వేయించినవి. అంటే మన అచ్చు పుట్టిందే పరాయి ఊళ్ళో. కాబట్టి షోలాపురంలో ఉండి తెలుగు అచ్చు వేయడమేమిటని మనం వెనుదీయ నక్కరలేదు.

మూడేళ్ళ క్రిందట, మూతపడిన ఒక ప్రెస్సువారు తమ ట్రెడిల్ మెషీనును ఇనుము తూకానికి అమ్ముతుంటే కొన్నాను. అది మా బావగారి మగ్గాల షెడ్డులో ఒక మూల ఉన్నది. దానితో వచ్చిన సీసపు అక్షరాలన్నీ మరాఠీవి. తెలుగు అక్షరాలు పేర్చాలంటే గుణింతాలు, వత్తులు కలిసి వందల గళ్ళ పెట్టెలు కావాలి. అవి నాకు దొరకలేదు. ఆ లోటు తీర్చినది ఫోటోపాలిమర్ ప్లేటు.

ఉక్కు రేకు మీదగాని, ప్లాస్టిక్ షీటు మీదగాని పరచిన పాలిమర్ పొరే ఈ ప్లేటు. అల్ట్రావయొలెట్ కిరణాలు తగిలిన చోట అది గట్టిపడుతుంది. తగలని చోట నీళ్ళలో కరిగిపోతుంది. నీళ్ళతో కడిగే రకమే ఇంటికి అనువైనది.

ముందుగా కంప్యూటరులో కూర్చిన విషయాన్ని నెగెటివ్ ఫిల్ము తీయించాలి. అక్షరాలు గాజులా తేటగా, మిగతాది కటిక నలుపుగా ఉండాలి. ఫిల్ము మందు పూసిన వైపు ప్లేటుకు ఆనాలి. పైనుంచి చూస్తే అక్షరాలు తిరగబడి కనబడాలి. అప్పుడే కాగితం మీద సరిగా పడతాయి. మొదటిసారి నేను చదువుకోవడానికి వీలుగా ఉన్నదని సంతోషించి తప్పు వైపు పెట్టాను. ప్లేటు మీద చక్కగా చదవవచ్చు, కాగితం మీద చదవాలంటే అద్దం కావాలి!

ప్లేటును నల్ల సంచీలోంచి పసుపు దీపం వెలుగులోనే బయటికి తీయాలి. ఫిల్ము పరచి, దళసరి గాజుపలకతో సందు లేకుండా అదిమి, అల్ట్రావయొలెట్ ట్యూబులు బిగించిన పెట్టెలో పెట్టాలి. ఎంతసేపు అన్నది ముక్క మీద పరీక్షించి తెలుసుకోవాలి. అట్టతో కప్పుకుంటూ 1, 2, 3, 4 నిమిషాలు చూపించి కడిగితే ఏది సరో తెలిసిపోతుంది. తక్కువైతే సన్నగీతలు కొట్టుకుపోతాయి. ఎక్కువైతే సున్నల కడుపులు పూడిపోతాయి.

తరువాత గోరువెచ్చని నీళ్ళలో మెత్తని బ్రష్షుతో గుండ్రంగా రుద్ది రెండు మూడు నిమిషాల్లో కడగాలి. వెంటనే నీరద్ది, వేడిగాలితో పది నిమిషాలు ఆరబెట్టి, ఫిల్ము లేకుండా మళ్ళీ ఒకసారి వెలుగు చూపించాలి. అప్పటికి పూర్తిగా గట్టిపడుతుంది. చేతికి తొడుగులు ఉండాలి, ట్యూబుల వంక సూటిగా చూడరాదు, వంటపాత్రలు ఈ పనికి వాడరాదు. ఇక బిగించేటప్పుడు ప్లేటు, దిమ్మ కలిసి అచ్చక్షరం ఎత్తు రావాలి. అది 0.918 అంగుళం, అంటే సుమారు 23.3 మిల్లీమీటర్లు.

నిరుడు నాకు పెట్టె లేదు, ఎండనే నమ్ముకున్నాను. ఆనాడు మబ్బు పట్టింది. తొందరకొద్దీ చాలీచాలని వెలుగులో తీసి గట్టిగా రుద్దాను. 'బంధుమిత్ర సమేతంగా' అన్నచోట 'ధ' క్రింది గీత కొట్టుకుపోయింది. నేను చూసుకోలేదు. రెండువందల పత్రాలు పంచేశాము. మా పెద్దబాపు కళ్ళద్దాలు సవరించుకుని, "ఇదేంది బిడ్డా, బంధువులను పిలిచినవా, బందు పెట్టినవా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పత్రం అందుకున్న ఇళ్ళలో ఎందరు ఆ తప్పు పట్టగలిగారు? మా ఇంట్లో నేను తప్ప తెలుగు చదివేవారే లేరాయె!

సంరక్షణ సంగతి కూడా చెప్పాలి. నీళ్ళతో కడిగే ప్లేటుకు తయారైన తరువాత నీళ్ళే శత్రువు. అచ్చు పని కాగానే టర్పెంటైనుతో తడిపిన మెత్తని గుడ్డతో సిరా తుడిచి, పొడిగుడ్డతో ఒత్తాలి. నేనొకసారి తడిగుడ్డతో తుడిచి అట్లాగే సంచీలో పెట్టాను. వానాకాలం గడిచేసరికి ఉబ్బి, జిగటపడి పనికిరాకుండా పోయింది. మరీ ఎండిపోతే పెళుసెక్కి చిట్లుతుంది. కనుక గాలి చొరని పాలిథీన్ సంచీలో, ఎండ తగలనిచోట, బల్లపరుపుగా ఉంచాలి. జాగ్రత్తగా చూసుకుంటే మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు.

ఈ ఏడు ప్లేటు కడిగిన తరువాత భూతద్దం మా అమ్మాయి చేతికిచ్చాను. నాలుగో తరగతి, మరాఠీ బడి. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది గాని అక్షరం తెలియదు. "కాగితం మీద ఉన్న గీతలన్నీ ప్లేటు మీద ఉన్నాయో లేదో సరిచూడు" అన్నాను. తిరగబడిన అక్షరాలు, పైగా తెలియని లిపి. ఒక్కొక్క గీతా వేలు పెట్టి లెక్కపెట్టింది. "ఇదేమిటి నాన్నా, ఇది దేనికి?" అని అడుగుతూ పోయింది. మొదటి ప్లేటులో 'సంఘం' చివరి సున్న సగం పోయిందని పట్టుకున్నది ఆమే. ఆ ప్లేటు పారేసి మరొకటి చేశాను. ఇప్పుడు అంగళ్ళ దగ్గర తెలుగు బోర్డు కనబడితే ఆగి కూడబలుక్కుంటున్నది.

ఫోనులో పత్రం పంపితే ఖర్చు లేదన్న మాట నిజమే. కాని ఫోనులో అక్షరం పోతుందేమో అని ఎవరూ వెదకరు. ప్లేటు మీద వెదకాలి. ఆ వెదకులాటలోనే మా పిల్లకు తెలుగు దొరికింది.

ప్లేటు చేయడం చూడదలచిన పిల్లలను ఏ ఆదివారమైనా షెడ్డుకు పంపండి. ఈలోగా ఇంటికి వెళ్ళి ఆహ్వానపత్రం వారి చేతికిచ్చి, 'బంధు'లో గీత ఉన్నదో లేదో చూడమనండి. ఉన్నదని నా నమ్మకం.