ప్రాణంతో తెస్తేనే గెలుపు

అమెరికాలో చాలా ఊళ్లలో బాస్ అనే చేపలు పట్టే పోటీల క్లబ్బులున్నాయి. పోటీ రోజున తెల్లవారకముందే సభ్యులు జలాశయం చేరతారు. చెప్పిన వేళకు తిరిగి రావాలి. ఆలస్యమైతే పట్టిన చేపల తూకంలో కోత.

మామూలుగా తూకానికి ఐదు చేపలే. అవును, ఐదే. అవీ ప్రాణంతో ఉండాలి. అందుకే పడవలోనే నీళ్ల తొట్టి, అందులోకి గాలి పంపే మోటారు. పట్టిన చేపను కొలబద్దపై పడుకోబెట్టి, నోరు మూసి, తోక చివరిదాకా కొలుస్తారు. పొట్టిదైతే అప్పుడే నీళ్లలోకి. చచ్చిన చేప తెస్తే మళ్లీ కోత.

తూకం కాగానే ప్రాణంతో ఉన్నవాటిని నీళ్లలో వదిలేస్తారు. బాస్ పోటీలు నడిపిన రే స్కాట్ 1972లో వాటిలో తెచ్చిన ఈ పద్ధతే ఈ ఆటకు గౌరవం తెచ్చిందని నా నమ్మకం.

అక్కడున్న మన తెలుగువాళ్లకు ఒక్క మాట. గాలం వేసేముందు ఆ రాష్ట్రపు లైసెన్సు తీసుకోండి.