బిడ్డకు అన్నంతోపాటు అభయం
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



2024 సెప్టెంబరులో మన మొగిలి ఘాట్‌లో జరిగిన బస్సు ప్రమాదాన్ని మనమెవరమూ మరువలేదు. అటువంటి ప్రమాదాలలో అమ్మానాన్నలను పోగొట్టుకున్న బిడ్డ ఏ దాదీ ఇంటికో, ఖాలా ఇంటికో చేరుతాడు. కడుపు నిండినా రొట్టె దిండు కింద దాచుకుంటాడు. రాత్రి పక్క తడుపుతాడు. లారీ హారన్ వింటే వణికిపోతాడు. మనమేమో మొండివాడని చెయ్యి చేసుకుంటాము. అది మొండితనము కాదు, భయము. ఆపద దాటిపోయిందని వాడి మనసుకు ఇంకా తెలియలేదు.

కనుక కొట్టరాదు, పదిమందిలో సిగ్గుపరచరాదు. వేళకు తిండి, వేళకు నిద్ర ఉండాలి. ఎక్కడికి తీసుకుపోతున్నా ముందే చెప్పాలి. అమ్మ ఊరికెళ్లిందని అబద్ధమాడరాదు. వాడు అమ్మ మాట ఎత్తితే నోరు మూయించరాదు.

మరి పెంచే దాదీ సంగతేమిటి? ఆమె కూడా కొడుకును పోగొట్టుకున్న తల్లే గదా! వారానికొక పూట మన ఆడవాళ్లు ఎవరైనా బిడ్డను చూసుకుంటే ఆమెకు కాస్త ఊపిరాడుతుంది.

మిషన్ వాత్సల్య పథకం కింద అర్హులైన బిడ్డలకు నెలకు రూ. 4,000 సాయమున్నది. 1098కి ఫోన్ చేయవచ్చును. బాలల సంక్షేమ సమితి దగ్గరికి ఆ ముసలమ్మకు తోడుగా మనమే వెళ్లాలి.

మన ప్రవక్త (స) పుట్టకముందే తండ్రిని, ఆరేళ్లకు తల్లిని పోగొట్టుకున్నారు. తాతగారు, ఆపైన తండ్రిగారి సోదరులు అబూ తాలిబ్ అక్కున చేర్చుకున్నారు. మన వీధిలోని బిడ్డకు అటువంటి ఇల్లు మనము కాలేమా?