మార్కులు చెప్పేవీ, చెప్పనివీ

పరీక్షలైన పదిహేను రోజులకల్లా స్కూలునుంచి ప్రోగ్రెస్ రిపోర్టు ఇంటికి వస్తుంది. అది చేతికి రాగానే మనం మొదట చూసేది మొత్తం ఎన్ని మార్కులని. తర్వాత ర్యాంకు ఎంతని. ఆ తర్వాత పక్కింటి వాళ్ళబ్బాయికి ఎన్ని వచ్చాయని. ఎక్కువొస్తే పాయసం, తక్కువొస్తే చీవాట్లు. సంతకం పెట్టి పంపించేస్తాం.

కాని ఆ కాగితం చూసే పిల్లల విషయంలో ఎన్నో నిర్ణయాలు జరిగిపోతున్నాయి. కింది సెక్షనుకు మారుస్తున్నారు. ట్యూషను పెట్టిస్తున్నాం. "దీనికి లెక్కలు రావు, ఎం.పి.సి. ఎందుకు?" అని ఆడపిల్ల చదువు దారే మార్చేస్తున్నాం. ఇంత బరువు మోసే అంకెల్ని సరిగా చదవడం తెలియకపోతే నష్టపోయేది బిడ్డే కదా! అందుకని ఇవాళ ఆ సంగతి ముచ్చటించుకుందాం. వింటున్నవారిలో ఉపాధ్యాయినులు కూడా ఉంటారు. ఈ మాటలు వారికీ వర్తిస్తాయి.

మొట్టమొదట తెలుసుకోవలసింది, ఒంటి అంకె వల్ల ఏమీ తెలియదని. ఒక అమ్మాయికి క్వార్టర్లీలో లెక్కలకు 62 వచ్చి, హాఫ్ ఇయర్లీలో 48 వచ్చాయనుకోండి. "పధ్నాలుగు మార్కులు పోగొట్టుకుందే!" అని తల్లి గుండెలు బాదుకుంటుంది. క్లాసు సగటు ఎంతో ఆవిడ అడగదు. క్వార్టర్లీలో సగటు 70 ఉండి, హాఫ్ ఇయర్లీలో పేపరు కష్టమై 45కి పడిపోయి ఉంటే? మొదటిసారి సగటుకు 8 మార్కులు వెనకబడిన పిల్ల రెండోసారి 3 మార్కులు ముందుకు వచ్చిందన్నమాట. వెన్ను తట్టవలసిన రోజున వీపు చిట్లగొడుతున్నాం! రిపోర్టులో పిల్లల మార్కు పక్కనే క్లాసు సగటు కూడా టీచర్లు వేస్తే ఈ పొరపాటు జరగదు.

రెండోది, శాతం వేరు, పర్సెంటైల్ వేరు. ఇంజనీరింగ్ ప్రవేశాలకు జరిగే జె.ఇ.ఇ. మెయిన్ పరీక్షకు 2019 నుంచి పర్సెంటైల్ స్కోరు ఇస్తున్నారు. ఆ పరీక్ష చాలా రోజులు జరుగుతుంది. ఒక్కో పూట ఒక్కో పేపరు. ఒకటి తేలిగ్గా ఉంటే ఇంకొకటి కష్టంగా ఉండవచ్చు. అందుచేత ఏ పూట రాసినవారిని ఆ పూట రాసినవారితోనే పోలుస్తారు. 90 పర్సెంటైల్ అంటే నూటికి 90 మార్కులు వచ్చాయని అర్థం కాదు. ఆ పూట రాసినవారిలో నూటికి 90 మంది ఆ అబ్బాయితో సమానంగానో, అంతకు తక్కువగానో తెచ్చుకున్నారని అర్థం. ఆ పూట లక్షమంది రాశారనుకుంటే ఇంకా పదివేలమంది అతనికి పైన ఉన్నారు. ఈ లెక్క తెలియక మిఠాయిలు పంచినవాళ్ళూ ఉన్నారు, తర్వాత సీటు రాలేదని బిడ్డని ఆడిపోసుకున్నవాళ్ళూ ఉన్నారు.

ఇక గ్రేడుల మాట. సి.బి.ఎస్.ఇ. వారి పదో తరగతిలో 2010 నుంచి 2017 దాకా 91 మొదలు 100 వరకూ ఎ-1, 81 మొదలు 90 వరకూ ఎ-2. అంటే 90కీ 91కీ గ్రేడు మారిపోతుంది, 81కీ 90కీ మాత్రం ఒకటే గ్రేడు! 2018లో బోర్డు పరీక్ష మళ్ళీ అందరికీ తప్పనిసరి అయ్యాక అక్షరం అదే ఉన్నా అర్థం మారింది. ఆ సబ్జెక్టులో పాసైనవారిని మార్కుల వరసలో నిలబెట్టి, పైనున్న ఎనిమిదో వంతు మందికి ఎ-1 ఇస్తున్నారు. కాబట్టి 2015లో అక్కకు వచ్చిన ఎ-1నీ, ఈమధ్య తమ్ముడికి వచ్చిన ఎ-2నీ పక్కపక్కన పెట్టి పోల్చడం అన్యాయం.

మరో సంగతి. ఒకే పిల్ల, అవే పాఠాల మీద సోమవారం ఒక పేపరూ, గురువారం అలాంటిదే ఇంకో పేపరూ రాస్తే రెండింటిలో ఒకేలా మార్కులు రావు. చదివిన ప్రశ్న రావచ్చు, రాకపోవచ్చు. తలనొప్పి ఉండవచ్చు. దిద్దేవారి చెయ్యి ఒకరోజు ధారాళం, ఒకరోజు పిసినారితనం. అందుచేత 71కీ 73కీ తేడా ఉందనుకోవడం మన భ్రమ. ఆ రెండింటి మధ్య పదిమంది ఇరుక్కుని ఉంటే మాత్రం రెండు మార్కులకే ర్యాంకు పది మెట్లు జారిపోతుంది! వారం వారం పరీక్ష పెట్టి సెక్షన్లు మార్చే స్కూళ్ళవారు దీన్ని కాస్త ఆలోచించాలి. తల్లులు కూడా ఒక్క పరీక్ష చూసి తీర్పు చెప్పకుండా మూడు నాలుగు రిపోర్టులు వరసగా పెట్టుకుని చూడాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది జవాబు పత్రం. ధర్మామీటరు జ్వరం ఉందని చెబుతుంది గాని ఎందుకొచ్చిందో చెప్పదు. మార్కూ అంతే. 402లోంచి 187 తీసివేయమంటే ఒక పాప 385 అని వేసింది. రావలసింది 215. టీచరుగారు ఇంటూ కొట్టి సున్నా ఇచ్చారు. కాని ఆ పాప ఏం చేసిందో చూడండి. ప్రతి వరసలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేసింది. 7లోంచి 2, 8లోంచి సున్నా, 4లోంచి 1. పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకోవడం ఒక్కటే ఆ పాపకు రాలేదు. 1978లో బ్రౌన్, బర్టన్ అనే అమెరికన్ పరిశోధకులు పిల్లల తీసివేతల్ని పరిశీలించి, వాటిలో చాలా తప్పులు పరధ్యానం వల్ల వచ్చేవి కావనీ, పిల్లలు ఏదో తప్పు సూత్రాన్ని పట్టుకుని దాన్నే నమ్మకంగా పాటించడం వల్ల వచ్చేవనీ చూపించారు. అలాంటి లెక్కలు పది ఇస్తే పదీ తప్పుతాయి. నేర్పవలసింది మాత్రం ఒక్కటే. ఆ ఒక్కటీ పట్టుకోకుండా ఇంకో వంద లెక్కలు చేయిస్తే తప్పే బాగా అలవాటవుతుంది.

కాబట్టి ఈసారి స్కూలుకు వెళ్ళినప్పుడు "మావాడికి ఎందుకు తక్కువేశారండీ?" అని అడగకండి. "క్లాసు సగటు ఎంతండీ? ఏ రకం ప్రశ్నలు తప్పాడండీ? జవాబు పత్రం ఒకసారి చూపిస్తారా?" అని అడగండి. ఇంట్లో ఆ తప్పిన లెక్కనే పిల్లచేత మళ్ళీ చేయించి, ఎలా చేశావో పైకి చెప్పమనండి. మధ్యలో అందుకోకుండా వినండి. ఎక్కడ దారి తప్పిందో ఆ పిల్లే చెబుతుంది.