హక్కు గర్భంలోనే మొదలవుతుంది



పసిబిడ్డ రెండవ నెలలో మన ముఖం చూసి నవ్వుతాడు. తొమ్మిదవ నెల నాటికి పేరు పెట్టి పిలిస్తే తల తిప్పుతాడు. ఏడాది దాటాక తనకు నచ్చిన దానిని వేలితో మనకూ చూపిస్తాడు. మనుషులతో కలిసి బ్రతకడానికి ఇవే తొలి మెట్లు. ఇవి ఆలస్యమైతే మన ఇండ్లలో మొదటి నింద తల్లి మీద పడుతుంది. "కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నదో, ఏం చేసిందో" అన్న మాటను బస్తీలలో మేము ఎన్నోమార్లు విన్నాము. ఆమె ఏ గాలి పీల్చినదని అడిగినవారు అరుదు.

న్యూయార్క్ నగరంలో ఆ ప్రశ్న అడిగారు. అక్కడ ఉత్తర మన్‌హట్టన్, దక్షిణ బ్రాంక్స్ పేటలలోని నల్లజాతి, డొమినికన్ గర్భిణులను కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రెడెరికా పెరేరా బృందం 1998 నుండి పరిశీలించింది. పొగ త్రాగే అలవాటు లేని ఆ తల్లులు 48 గంటల పాటు గాలిని కొలిచే పరికరాన్ని వీపు సంచిలో మోశారు. వాహనాల పొగలోని విషపదార్థాలు ఎక్కువగా సోకిన తల్లుల బిడ్డలు మూడవ ఏట మానసిక వికాసంలో వెనుకబడినట్లు తేలింది. బొడ్డుతాడు రక్తంలో క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందు ఎక్కువగా ఉన్న పిల్లలలో ఏకాగ్రత లోపం, ఇతరులతో మెలగడంలో ఇబ్బందులు అధికంగా కనిపించాయి. ప్రతి బిడ్డకూ ఇలాగే జరుగుతుందని దీని అర్థం కాదు. ప్రమాదం పెరుగుతుందని అర్థం.

తరువాత జరిగినది మనకు ముఖ్యం. 2001లో అమెరికా ఆ మందును ఇండ్లలో వాడకుండా ఆపింది. ఆ తరువాత అదే పేటలలో పుట్టిన శిశువుల రక్తంలో దాని జాడ బాగా తగ్గింది. మారినది తల్లుల నడత కాదు, ప్రభుత్వ నిబంధన.

ఇక మన నగరానికి వద్దాము. హైదరాబాద్ పాతబస్తీకి చేరువలోని కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టిలో సీసం, క్రోమియం వంటి లోహాలు అధికంగా ఉన్నట్లు జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు గుర్తించారు. సీసాన్ని మాయ అడ్డుకోలేదు. తల్లి చిన్ననాట పీల్చిన సీసం ఆమె ఎముకలలో నిలిచి, గర్భధారణ సమయంలో రక్తంలోకి దిగి బిడ్డను చేరుతుంది. అంటే ఈనాడు వీధిలో ఆడుకొనే మన ఆడపిల్ల రేపటి బిడ్డ ఆరోగ్యాన్ని తన ఎముకలలో మోస్తున్నది. ఇంత వరకు ప్రమాదం లేదని చెప్పగల సీసం మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

ఇంట్లో మనం చేయగలిగినవి ఉన్నాయి. కొన్ని సుర్మాలలో సీసమే ప్రధాన పదార్థం. గర్భిణులకు, పసివారికి వాటిని పెట్టవద్దు. బ్యాటరీ, లోహపు పనులు చేసేవారు పని బట్టలతో ఇంట్లోకి రావద్దు. గర్భిణికి ఇనుము, కాల్షియం తగినంత అందితే శరీరం సీసాన్ని తక్కువగా గ్రహిస్తుంది.

అయితే కార్ఖానా పొగను ఏ తల్లీ కొంగుతో ఆపలేదు. కాలుష్యం లేని నీరు, గాలి పొందడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లో సుభాష్ కుమార్ కేసులో చెప్పినది. పిల్లల ఎదుగుదల లోపాలను గుర్తించడానికి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుండి అమలులో ఉన్నది. కాబట్టి మూడు కోరికలు వ్రాతపూర్వకంగా పెడదాము. పారిశ్రామికవాడల చుట్టూ మట్టి, గాలి పరీక్షల ఫలితాలను తెలుగులో, ఉర్దూలో ప్రదర్శించాలి. అక్కడి గర్భిణులకు ప్రభుత్వ ఆసుపత్రులలో సీసం పరీక్ష ఉచితంగా చేయాలి. ప్రతి అంగన్‌వాడీలో శిశువుల ఎదుగుదలను సకాలంలో పరిశీలించాలి.

మేము జీవితమంతా గుమాస్తాగా దస్త్రాల మధ్య గడిపినవారము. నోటిమాటగా చేసిన ఫిర్యాదుకు దస్త్రం ఉండదని మాకు తెలుసు. దరఖాస్తు ఇవ్వండి, రసీదు అడిగి తీసుకోండి. జవాబు రాకుంటే సమాచార హక్కు చట్టం క్రింద అడగండి. 30 రోజులలో బదులివ్వడం వారి విధి. అంతవరకు ఏ తల్లినీ నిందించకండి.