శేషము వృథా కాదు



పూజకు కూర్చున్నప్పుడెల్లా మనము సంకల్పములో శ్వేతవరాహకల్పమును, వైవస్వత మన్వంతరమును, కలియుగమును స్మరించుచున్నాము. పురోహితులు చెప్పింతురు, మనము పలుకుదుము. ఆ మాటల వెనుక నున్న లెక్కను మాత్రము అరుదుగా తలతుము. నేడు దానిని కొంచెము విచారింతము.

కల్పమనగా బ్రహ్మకు ఒక పగలు. అది 432 కోట్ల మానవ సంవత్సరములు. కలియుగము 4,32,000 ఏండ్లు. ద్వాపరము దానికి రెండింతలు, త్రేత మూడింతలు, కృతము నాలుగింతలు. నాలుగును కలిసిన మహాయుగము 43,20,000 ఏండ్లు. అట్టివి వేయి గడచిన ఒక కల్పము.

ఈ 432 కోట్లు ఎంత ఉదారమైన సంఖ్యయో చూడుడు. రెండు, మూడు, ఐదు అను మూడు ప్రధాన సంఖ్యలే దానికి మూలము. పదకొండు రెండ్లను, మూడు మూళ్ళను, ఏడు ఐదులను వరుసగా గుణించిన ఈ సంఖ్య వచ్చును. దీనిని శేషము లేకుండ భాగించు సంఖ్యలు 384 కలవు. ఒకటి మొదలు పది వరకు ఒక్క ఏడు తప్ప అన్నియు దీనిని నిశ్శేషముగా భాగించును.

మనువులా, పదునలుగురు. పదునాలుగనగా రెండేడులు. ఏడింటికి లొంగని కాలమును పదునలుగురకు సమముగా పంచుటెట్లు? వేయి మహాయుగములను పంచగా ఒక్కొక్కరికి 71 వచ్చి, ఆరు మిగులును. క్రీ.శ. 476లో జన్మించిన ఆర్యభటుడు మనువునకు 72, కల్పమునకు 1,008 మహాయుగములని చెప్పెను. అచట శేషమే లేదు. బ్రహ్మగుప్తుడు 628లో రచించిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమున, అది స్మృతులకు విరుద్ధమని ఆక్షేపించెను.

సూర్యసిద్ధాంతము వేయిని మార్చలేదు, మిగిలిన ఆరును పారవేయనూ లేదు. కల్పారంభమున ఒకటి, ఒక్కొక్క మనువు కాలము చివర ఒకటి చొప్పున పదునైదు సంధులుగా వానిని అమర్చినది. ఒక్కొక్క సంధి 17,28,000 ఏండ్లు, అనగా సరిగా ఒక కృతయుగమంత! పదునైదును కలిపిన 2,59,20,000 ఏండ్లు. అవియే ఆ ఆరు మహాయుగములు.

పంచగా మిగిలినది ఇచట వ్యర్థము కాలేదు, యుగములలో శ్రేష్ఠమైన కృతమంతటి కొలతను పొందినది. అంతయు లయించిన పిదప మిగులువాడు గనుకనే ఆదిశేషునకు ఆ పేరు. శ్రీహరి పవళించునది ఆ శేషునిపైననే గదా!

ఇక మన దినమును చూచుకొందము. ఉద్యోగమునకు, సంసారమునకు, నిద్రకు పంచగా మిగులునది ఏపాటి, దానితో ఏమగునని భగవచ్చింతనను వాయిదా వేయుచున్నాము. ఉద్యోగ విరమణ పిదప చూతమందుము. నాటికి దేహము సహకరించునని ఎవరు హామీ ఇచ్చిరి? వేయింట ఆరు పాళ్ళను మన ఒక్క దినమునకు లెక్కించిన తొమ్మిది నిమిషములైనను కాదు. అంతమాత్రపు కాలము లేనివారు మనలో ఎవరు? ప్రాతఃసంధ్యలో కొంత, సాయంసంధ్యలో కొంత, ఆ శేషమును శేషశాయికి సమర్పింతము.

శుభం భూయాత్.