సముద్రము దాటి వచ్చు సొమ్ము



మాది నెల్లూరు మండలమందలి మనుబోలు. మా ప్రాంతమునుండియు, పొరుగుననున్న కడప సీమనుండియు స్త్రీలును పురుషులును కువైత్తు మొదలగు దేశములకు పనికి పోవుచున్నారు. వారు పంపు సొమ్మునకు సంబంధించిన కాగితములను చదివించుకొనుటకు చాలకాలముగా నా యరుగుమీదికి వచ్చువారు కలరు. అందుచే నాకు తెలిసిన నాలుగు మాటలు మీకు విన్నవింపదలచితిని. అయితే సలహా చెప్పుటకు ముందు నా తప్పు నొప్పుకొనుట న్యాయము.

కొన్నియేండ్ల క్రిందట మా వీధిలోని యొక యిల్లాలు కువైత్తున వంటపనికి కుదిరెను. కూతురి పెండ్లికని కూడబెట్టుచుండెను. బ్యాంకుద్వారా పంపిన రుసుము పోవుననియు, తెలిసిన మనిషి యొకడు అచట దినారులు పుచ్చుకొని యిచట ఇంటికే రూపాయలు తెచ్చి యిచ్చుననియు, ధర గూడ ఎక్కువ కట్టుననియు చెప్పి ఆమె భర్త నా యభిప్రాయ మడిగెను. పెద్దలనాటి హుండీ వంటిదే గదా యనుకొని, "కానిమ్ము" అంటిని. రెండుమాఱులు సొమ్ము సరిగనే వచ్చెను. మూడవమాఱు ఏడాది సంపాదన నంతయు నొక్కసారిగా నిచ్చెను. అది రాలేదు, ఆ మనిషియు కనబడలేదు. ఫిర్యాదు చేయుదమన్న రసీదు లేదు. పైగా ఆ మార్గమే చట్టవిరుద్ధము. పెండ్లి నిలిచిపోయెను. ఆమె మఱి రెండేండ్లు పరదేశమున నుండవలసి వచ్చెను. తిరిగివచ్చిన నాడు నన్ను చూచి, "అన్నా, నువ్వు చెప్పినావని యిచ్చితిమి" అని మాత్ర మనెను. తిట్టినను బాగుండెడిది.

పూర్వపు హుండీ తెలిసిన వర్తకుల నడుమ వ్రాతమీద నడచెడిది. నేటి హవాలాకు వ్రాత లేదు, సాక్షి లేదు. ఈ భేదమును నేను గ్రహింపలేదు.

సరిహద్దు మనుష్యులకే గాక డబ్బునకును కలదు. ఇందుకు బర్మాయే సాక్షి. కోరంగి మొదలగు రేవులనుండి ఓడలెక్కి రంగూనునకు పోయిన తెలుగువారు పెక్కండ్రు. 1937 ఏప్రిలు 1వ తేదీన బర్మా మన దేశమునుండి విడదీయబడెను. ఆ తరువాత గూడ, యుద్ధకాలము మినహాగా, 1947 వఱకు మన రిజర్వు బ్యాంకే అచటను కేంద్రబ్యాంకుగా నుండెను. అంత చేరువగా నుండిన దేశమందే 1964 మే మాసమున ఏబది, నూఱు క్యాట్ల నోట్లు రద్దు కాగా, మనవారు పలువురు కూడబెట్టినది పోగొట్టుకొని, కట్టుబట్టలతో స్వదేశమునకు చేరిరి. పరదేశమున నుంచిన సొమ్ము ఆ దేశపు చట్టమునకు లోబడియే యుండును. కావున ఎప్పటిది అప్పుడు, వ్రాతపూర్వకముగా, ఇంటికి చేర్చుకొనుట మేలు.

చేర్చుకొను పద్ధతి కష్టమైనది కాదు. ఉద్యోగమునకై పరదేశమున కేగినవాడు ఇచటి పాత పొదుపు ఖాతాను అట్లే నడుపరాదు. విదేశమారకమును గూర్చిన 1999 నాటి చట్టము ననుసరించి ఆ సంగతి బ్యాంకునకు తెలిపి, దానిని ఎన్.ఆర్.ఓ. ఖాతాగా మార్పించుకొనవలెను. ఇంటి యద్దె, కౌలు మొదలగు ఇచటి రాబడి అందు చేరును. దాని వడ్డీపై పన్ను కలదు. పరదేశమున సంపాదించిన దానికి ఎన్.ఆర్.ఇ. ఖాతా వేఱు. అందలి అసలును వడ్డీని ఎప్పుడు కావలసిన అప్పుడు తిరిగి పైదేశమునకు పంపుకొనవచ్చును. అతడు ప్రవాసిగా నున్నంతకాలము ఆ వడ్డీకి ఇచట ఆదాయపు పన్ను లేదు. విత్తనపు వడ్లును తిండి వడ్లును వేర్వేరు గాదెలలో పోసినట్లు ఈ రెంటిని కలుపక యుంచవలెను.

ఇక ఖర్చు విషయము. రుసుము లేదను ప్రకటన చూచి మోసపోరాదు. రుసుము మానివేసి, దినారునకు రెండు రూపాయలు తక్కువ కట్టినచో, నూఱు దినారులకు రెండువందల రూపాయలు పోయినట్లే. తుదకు మన చేతికి వచ్చు రూపాయ లెన్ని యనుటయే అడుగదగిన ప్రశ్న. ఖాతా లేనివారు అనుమతిగల సంస్థలద్వారా నగదుగానే పుచ్చుకొనవచ్చును. కాని నగదు 50,000 రూపాయలకు మించి యీయరు, ఒక మనిషి ఏడాదికి 30 మాఱులకు మించి అట్లు పొందరాదు. ఖాతాకు పంపునప్పుడు పేరు బ్యాంకు పుస్తకములో నున్నట్లే వ్రాయవలెను. శాఖను తెలుపు ఐ.ఎఫ్.ఎస్.సి. గుర్తులో 11 అక్షరములును అంకెలును ఉండును. వానిలో నయిదవది సున్న. అచట ఇచ్చిన రసీదును పారవేయరాదు.

భూమి మాట యొకటి. ప్రవాసియైన భారతీయుడు వ్యవసాయభూమిని వారసత్వముగా పొందవచ్చును గాని కొనరాదు. కొడుకు పంపిన సొమ్ముతో తండ్రి తన పేర పొలము కొన్నచో అది కాగితమున తండ్రిదే. తండ్రి పోయిన పిదప అన్నదమ్ములు తలా యొక పాలు కోరుదురు. ఎండలో కష్టపడినవాడు వాకిట నిలిచి చూచును. సొమ్ము దానమా, అప్పా, దాచుటకు పంపినదా యను సంగతి ఆనాడే వ్రాసికొన్నచో ఈ కలహము తప్పును. అట్లే ప్రతి ఖాతాకును నామినీని వ్రాయింపుడు. నామినీ యనగా సొమ్మును బ్యాంకునుండి పుచ్చుకొనువాడే గాని వారసుల హక్కును హరించువాడు కాడు.

ఆ యిల్లాలు రెండవసారి పంపిన సొమ్మంతయు బ్యాంకుద్వారానే వచ్చెను. ప్రతి రసీదును నేనే పుస్తకములో అంటించితిని. కూతురి పెండ్లి ఆలస్యముగానైనను జరిగినది. పోయిన యేడాది సంపాదన మాత్రము నేటికిని రాలేదు.

పెద్దలారా, మీ యరుగులమీదికిని ఇట్టివారు వత్తురు. మీ మాటమీద నమ్మకముతో సొమ్మును కదల్తురు. తెలిసినది చెప్పుడు, తెలియనిచో తెలియదని చెప్పి, వారిని వెంటబెట్టుకొని బ్యాంకునకు పొండు. నేను ఆనాడు ఆ మాట యన్నచో నా గౌరవమునకు లోటేమియు లేకపోయెడిది.